ఆరు గ్యాలన్ల లెక్క

ఉప్పల్ రింగురోడ్డు నుంచి నాచారం వైపు మళ్లితే రసాయనాల డ్రమ్ములు మోసే లారీలు, ఆ పక్కనే సందుకో మెడికల్ షాపు. 2025 అక్టోబరు తొలివారంలో నగరంలోని మందుల షాపులన్నిటితో పాటు వీటికీ ఓ హెచ్చరిక చేరింది. కోల్డ్‌రిఫ్ దగ్గుమందు, బ్యాచ్ ఎస్ఆర్-13 ఉంటే అమ్మొద్దు, వాడొద్దు అని. ఇచ్చింది తెలంగాణ డ్రగ్స్ కంట్రోల్ అడ్మినిస్ట్రేషన్. మధ్యప్రదేశ్‌లోని ఛింద్‌వాడాలో డాక్టరు రాసిచ్చిన ఆ మందు తాగి పిల్లలు పిట్టల్లా రాలిపోయారు. మృతులు ఇరవై దాటారు. కాంచీపురం జిల్లాలో తయారైన ఆ సిరప్‌ను తమిళనాడు అధికారులు పరీక్షిస్తే డైఇథిలిన్ గ్లైకాల్ 48.6 శాతం తేలింది. ఉండదగ్గ హద్దు 0.1 శాతం. అంటే సీసాలో దాదాపు సగం విషమే. వారం తిరక్కుండా గుజరాత్ సిరప్‌లు రీలైఫ్, రెస్పిఫ్రెష్ టీఆర్‌లపైనా హెచ్చరికలొచ్చాయి. 2026 జనవరిలో ఆల్మాంట్-కిడ్ వంతు. అందులో దొరికింది ఇథిలిన్ గ్లైకాల్.

ఈ డైఇథిలిన్ గ్లైకాల్‌కు రంగు లేదు, వాసన లేదు. చిక్కగా, తియ్యగా ఉంటుంది. సిరప్‌లో మందు కరగడానికి వాడే ప్రొపిలిన్ గ్లైకాల్‌, గ్లిజరిన్‌ల పక్కన పెడితే కంటికి తేడా తెలియదు. వాహనాల బ్రేకు ద్రవంలో వాడే సరుకిది. లోపలికి వెళ్లాక కిడ్నీల మీద పడుతుంది. ముందు వాంతులు, తర్వాత మూత్రం బందు. దీన్ని పట్టుకునే పరీక్ష కొత్తదీ కాదు, కొరుకుడు పడనిదీ కాదు. చేయకపోవడమే అసలు జబ్బు.

పాఠం మొదట నేర్చుకున్నది అమెరికా. 1937లో టెనెసీలోని మాసెంగిల్ కంపెనీ సల్ఫానిలమైడ్ అనే మందును ద్రవరూపంలో అమ్మాలనుకుంది. వాళ్ల కెమిస్టు దాన్ని డైఇథిలిన్ గ్లైకాల్‌లో కరిగించాడు. రాస్ప్‌బెర్రీ వాసన కుదిరిందా లేదా అని చూశారు, ప్రాణానికి హానా అని చూడలేదు. అప్పటి చట్టం అడగనూ లేదు. 240 గ్యాలన్లు, అంటే మన లెక్కలో సుమారు 900 లీటర్లు, ఊళ్లకు వెళ్లిపోయాయి.

చావుల కబురు తెలిశాక కంపెనీ సరుకు వెనక్కి పంపమని టెలిగ్రాములిచ్చింది. ఎందుకో మాత్రం చెప్పలేదు! ప్రాణాపాయం అని రాయించడానికి ప్రభుత్వ ఔషధ సంస్థ మెడలు వంచాల్సి వచ్చింది. చిత్రమేమిటంటే, విషం అమ్మినందుకు సరుకు జప్తు చేసే అధికారం ఆ సంస్థకు లేదు. ‘ఎలిక్సిర్’ అని పేరు పెట్టారు కదా, అందులో ఆల్కహాలు ఉండాలి, లేదు. కాబట్టి లేబులు తప్పు. ఆ ఒక్క మాట పట్టుకుని జప్తు చేశారు. ‘సొల్యూషన్’ అని రాసి ఉంటే చేతులు కట్టుకు కూర్చోవాల్సిందే.

తర్వాతదంతా కాలినడక పని. సంస్థకున్న 239 మంది ఇన్‌స్పెక్టర్లు, కెమిస్టుల్లో దాదాపు అందరూ రోడ్డెక్కారు. సేల్స్‌మెన్‌ను వెంటాడారు, షాపుల చిట్టాలు తిరగేశారు, డాక్టర్ల చీటీలు చదివారు. ఒక చోట కొన్నవారి వివరంగా దొరికింది ఓ పాప పేరు, తొమ్మిది నెలల వయసు, అంతే. ఇంకోచోట ఇంటిపేరు ఉంది, చిరునామా లేదు. మందు తీసుకుని కొండల్లోకి మకాం మార్చిన ఓ కుటుంబంలోని మూడేళ్ల పిల్లాడిని వెతకడానికి ఒక డాక్టరు తన పెళ్లే వాయిదా వేసుకున్నాడు. 234 గ్యాలన్ల ఒక పైంటు దొరికింది. మిగతాది చాలావరకు జనం తాగేశారు. చనిపోయిన 105 మందిలో 34 మంది పిల్లలు. ఆ కెమిస్టు ఆత్మహత్య చేసుకున్నాడు. మరుసటి ఏడే కొత్త మందు అమ్మే ముందు హాని లేదని నిరూపించాలంటూ చట్టం వచ్చింది.

మన దగ్గర? 1986లో బొంబాయి జేజే ఆస్పత్రిలో కల్తీ గ్లిజరిన్‌కు 14 మంది, 1998లో గుర్‌గావ్‌లో తయారైన దగ్గుమందుకు 33 మంది పిల్లలు బలయ్యారు. కమిషన్లు కూర్చున్నాయి, లేచాయి. మందు వెనక్కి రప్పించడమంటే మనకింకా పేపర్లో ప్రకటనే. సీసా ఏ ఇంటికి చేరిందో చెప్పాల్సింది బిల్లు. బిల్లు మనం అడగం, షాపువాళ్లు ఇవ్వరు.

మొన్న నాచారంలో దగ్గుమందు కొని బిల్లు అడిగాను. కౌంటరు దగ్గరి కుర్రాడు విసుక్కోకుండానే రాసిచ్చాడు. పేరు దగ్గర ‘క్యాష్’ అని ఉంది. బ్యాచ్ నంబరు గడి ఖాళీ.