పైలట్ ట్రైనింగ్‌కి అరకోటి.. పొలం అమ్మే ముందు ఇవి తెలుసుకోండి!

నంద్యాల జిల్లా వాళ్లకి ఎయిర్‌పోర్ట్ ఇప్పుడు దూరమేమీ కాదు. ఓర్వకల్లులోని ఉయ్యాలవాడ నరసింహారెడ్డి ఎయిర్‌పోర్ట్ నుంచి 2021 మార్చి 28న విమాన సర్వీసులు మొదలయ్యాయి. కానీ విమానం ఎక్కడం వేరు, నడపడం వేరు. పాములపాడు మండలంలో నాలుగెకరాల సాగు మీద బతికే ఇంట్లో అమ్మాయో అబ్బాయో 'పైలట్ అవుతా' అంటే పెద్దవాళ్ల చూపు ముందు పొలం మీదకే పోతుంది. అమ్మేద్దామా అని. కాస్త ఆగండి. ఈ కోర్సులో చిన్న ఖర్చులు ముందు, పెద్ద ఖర్చులు తర్వాత పెట్టుకునే వీలుంది. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు.

లెక్క ఇదీ. కమర్షియల్ పైలట్ లైసెన్స్, అంటే సీపీఎల్ కావాలంటే 200 గంటలు విమానం నడపాలి. గంటకు 15 వేలు అనుకున్నా అదే 30 లక్షలు. హాస్టల్, గ్రౌండ్ క్లాసులు, మల్టీ ఇంజిన్ విమానం మీద శిక్షణ అన్నీ కలిస్తే 45 నుంచి 60 లక్షలు దాటుతోంది. అక్కడితో అయిపోదు. ఎయిర్‌బస్ ఏ320 లాంటి పెద్ద విమానం నడపడానికి 'టైప్ రేటింగ్' తీసుకోవాలి. దానికి మరో 15 లక్షల పైమాటే. స్కూళ్ల బ్రోషర్లలో ఈ రెండో ఖర్చు చాలాసార్లు కనిపించదు!

అందుకే మొదటి పని మెడికల్. డీజీసీఏ గుర్తింపు ఉన్న డాక్టర్ దగ్గర క్లాస్-2, ఆ తర్వాత బెంగళూరులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఏరోస్పేస్ మెడిసిన్ లాంటి కేంద్రాల్లో క్లాస్-1. వేలల్లో పోయే ఖర్చు ఇది. కళ్లజోడు ఉన్నా పర్లేదు గానీ, రంగులు గుర్తుపట్టలేకపోతే కమర్షియల్ పైలట్ దారి అక్కడే మూసుకుపోవచ్చు. ఆ సంగతి ఫీజు కట్టాక తెలిస్తే ఏం లాభం?

రెండోది పరీక్షలు. ఎయిర్ నావిగేషన్, మెటియరాలజీ, ఎయిర్ రెగ్యులేషన్స్, టెక్నికల్ పేపర్లు.. ప్రతిదాంట్లో 70 శాతం రావాలి. వీటికి ఇంట్లో కూర్చుని చదవొచ్చు. ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ ఉండాలి. బైపీసీ వాళ్లు ఎన్ఐఓఎస్ ద్వారా మ్యాథ్స్ రాసుకోవచ్చు. పేపర్లు పాసయ్యాక ఫ్లయింగ్‌లో చేరితే, హాస్టల్లో ఖాళీగా కూర్చునే నెలలు తగ్గుతాయి.

ఇక స్కూలు. డీజీసీఏ 2025 అక్టోబర్ 1న ఫ్లయింగ్ స్కూళ్లకు తొలిసారి ర్యాంకులిచ్చింది. 35 సంస్థల్లో 13 'బీ', 22 'సీ' కేటగిరీలో నిలిచాయి. అప్పుడు పై కేటగిరీల్లో ఒక్కటీ రాలేదు. కాబట్టి ఫీజు మొత్తం ఒకేసారి కట్టొద్దు. వాయిదాల్లో కట్టండి, మధ్యలో ఆపేస్తే ఎంత తిరిగిస్తారో కాగితం మీద రాయించుకోండి. ఎన్ని విమానాలు రోజూ ఎగురుతున్నాయో అక్కడి స్టూడెంట్లనే అడగండి. ప్రభుత్వ సంస్థ కావాలంటే యూపీలోని ఫుర్సత్‌గంజ్‌లో ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీ ఉంది. ఎంట్రన్స్ రాయాలి.

లోన్ సంగతి మన రైతులకు కాస్త చేదే. డీజీసీఏ ఆమోదించిన పైలట్ కోర్సులకు బ్యాంకులు ఎడ్యుకేషన్ లోన్ ఇస్తాయి, కానీ 7.5 లక్షలు దాటితే సాధారణంగా తాకట్టు అడుగుతాయి. వ్యవసాయ భూమి సర్ఫేసీ చట్టం పరిధిలోకి రాదు, అందుకే చాలా బ్యాంకులు పొలం పాస్‌బుక్ తీసుకోవు. ఇల్లో, ప్లాటో, ఫిక్స్‌డ్ డిపాజిట్టో కావాలి. బానకచర్ల పక్కన నీళ్లు పారే భూమి ఉన్నా బ్యాంకులో అది తాకట్టుకు పనికిరాకపోవచ్చు. సరే, లోన్ వచ్చిందే అనుకుందాం. 30 లక్షలకు 10 శాతం వడ్డీతో 15 ఏళ్లంటే నెలకు దాదాపు 32 వేల ఈఎంఐ. లైసెన్స్ వచ్చిన రోజే ఉద్యోగం రాదు, వాయిదా మాత్రం ఆగదు.

ఎస్సీ విద్యార్థులకు కేంద్రం టాప్ క్లాస్ స్కాలర్‌షిప్ ఇస్తుంది. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉండాలి, నోటిఫై చేసిన సంస్థలోనే చేరాలి.

హైదరాబాద్ పాతబస్తీ అమ్మాయి సయ్యదా సల్వా ఫాతిమా తండ్రి బేకరీలో పనిచేసేవారు. సియాసత్ పత్రిక ఎడిటర్ జాహిద్ అలీ ఖాన్ సాయంతో 2007లో బేగంపేట ఏవియేషన్ అకాడమీలో చేరారు. లైసెన్స్ వచ్చింది 2013లో. ఆ పై శిక్షణకు తెలంగాణ ప్రభుత్వం 36 లక్షలు ఇచ్చింది. చూశారుగా, డబ్బులతో పాటు ఏళ్లు కూడా లెక్కేసుకోవాలి. విజయవాడలో పెరిగిన యానీ దివ్య తల్లిదండ్రులు అప్పు చేసి ఉడాన్ అకాడమీకి పంపారు. ఆమె 30 ఏళ్లకే బోయింగ్ 777 కమాండర్ అయ్యారు.

రూపాయి ఖర్చు లేని దారి కూడా ఉంది. యూపీఎస్సీ ఏటా రెండుసార్లు పెట్టే ఎన్డీఏ పరీక్షలో ఎయిర్‌ఫోర్స్ ఫ్లయింగ్ బ్రాంచ్‌కి ఎంపికైతే శిక్షణ మొత్తం ప్రభుత్వానిదే. అమ్మాయిలూ రాయొచ్చు, ఎన్డీఏ తొలి మహిళా బ్యాచ్ 2025 మేలో బయటికొచ్చింది. పదహారున్నర నుంచి పంతొమ్మిదిన్నర ఏళ్ల మధ్యే అవకాశం. అంటే ఇంటర్ సెకండియర్‌లో ఉన్నవాళ్లు ఇప్పుడే అప్లై చేయాలి.