మంద్రస్వరమును దిద్దుట

పద్మనగరులో నూలుపోగుతో బ్రతుకు నడపిన మనవారికి తంబురలోని పోగు వింతగా దోపదు. గుఱ్ఱముపై తంత్రి క్రింద దాని నుంచి, నాదము విచ్చుకొనువఱకు ముందువెనుకలకు జరుపుదురు. దానినే జీవాళి యందురు. ఆ వంపుగుఱ్ఱము చేయు చిత్రమును 1921లో చంద్రశేఖర వేంకటరామన్ శాస్త్రరీతిని చర్చించెను.

బేస్ గిటారు చరిత్రయు నిట్టి వెదకులాటయే. 1951లో లియో ఫెండర్ ప్రిసిషన్ బేస్‌ను వెలువరించెను. దాని స్వరము నాడు బరువైన ఆంప్లిఫయరుపై నాధారపడెడిది. 1998లో వెలువడిన లైన్ సిక్స్ వారి పాడ్ వంటి డిజిటల్ పెట్టెలు ఆంప్లిఫయర్ల గుణమును లెక్కలతో ననుకరించినవి.

అట్టి పెట్టెను పద్మనగరులో దిద్దువానికి రెండు చిక్కులు గలవు. బేస్ అడుగుతంత్రి ఇంచుమించు 41 హెర్ట్జులు, దానిపైది 55. మన కరెంటు రొద 50, సరిగా నడుమ! రొదను వడగట్టబోయిన తంత్రులకును దెబ్బయే. ఎర్తింగు సరిచేయుట మేలు.

రెండవది చెవి. సాంచాల మోతలో నేండ్లు గడపినవారికి 4000 హెర్ట్జుల చెంత వినికిడి మొదట సన్నగిల్లును. స్వరము మసకగా నున్నదని వారు పైస్థాయిని పెంచుదురు. ఇతరులకది గీరుగా వినబడును. సాంచా చెంత నిలువని మనుమని నడిగిన పిమ్మటనే మీట నాపవలెను.