కారు నావిగేషన్: ఏ దారికి ఏది నప్పుతుంది

వాహనం ఎక్కడుందో ఉపగ్రహాల సంకేతాలతో కనుక్కుని, చేరాల్సిన చోటికి మలుపు మలుపునా దారి చెప్పే ఏర్పాటును ఉపగ్రహ నావిగేషన్ అంటారు. భారతదేశంలో కారు నడిపేవారి ముందు ఇవాళ ప్రధానంగా మూడు మార్గాలున్నాయి: ఫోన్‌లోని యాప్, కారు డ్యాష్‌బోర్డులో తయారీదారు బిగించి ఇచ్చే వ్యవస్థ, అద్దానికి అతికించుకునే విడి పరికరం. మూడూ ఇంచుమించు అవే ఉపగ్రహాలను వింటాయి. తేడాలన్నీ ఆ తర్వాత మొదలవుతాయి. మ్యాప్ ఎవరు గీశారు, చివరిసారి ఎప్పుడు సవరించారు, ట్రాఫిక్ కబురు ఎక్కడి నుంచి వస్తోంది, నెట్ తెగిపోతే ఏం మిగులుతుంది అన్నవి చూసుకుంటే ఎంపిక సులువవుతుంది.

ఉపగ్రహం పని ఎంతవరకు

ఉపగ్రహానికి కారు సంగతే తెలియదు. తానెక్కడుందో, సమయం ఎంతయిందో రేడియో సంకేతంగా పంపుతూ ఉండటమే దాని పని. ఆ సంకేతం చేరడానికి పట్టిన సమయాన్ని బట్టి రిసీవరు దూరం లెక్కగడుతుంది. మూడు దూరాలు తెలిస్తే స్థానం తేలాలి. కానీ ఫోన్‌లోని గడియారం ఉపగ్రహంలోని పరమాణు గడియారమంత కచ్చితమైనది కాదు కాబట్టి, ఆ లోటు తీర్చుకోవడానికి నాలుగో ఉపగ్రహం కావాలి. సెకనులో పది లక్షలవ వంతు తప్పితే దూరంలో 300 మీటర్ల తేడా వస్తుంది. ఐన్‌స్టీన్ సాపేక్షతా సిద్ధాంతం ఇక్కడ రోజువారీ లెక్కలో భాగం. జీపీఎస్ ఉపగ్రహాల గడియారాలు నేలమీది గడియారాల కంటే రోజుకు సుమారు 38 మైక్రోసెకన్లు ముందుకు పోతాయి. దాన్ని సరిదిద్దకపోతే ఒక్క రోజులోనే 10 కిలోమీటర్లకు పైగా తప్పు పేరుకుంటుంది.

దీనంతటికీ ఇంటర్నెట్ అక్కర్లేదు. సిగ్నల్ లేని అడవిలోనూ ఫోన్ తన స్థానాన్ని కనుక్కోగలదు. నెట్ ఉంటే ఉపగ్రహాల కక్ష్యల వివరాలు క్షణాల్లో దిగుతాయి. లేకపోతే వాటిని ఉపగ్రహం నుంచే వినాలి. ఆ ప్రసారం సెకనుకు 50 బిట్ల చొప్పున నెమ్మదిగా సాగుతుంది కాబట్టి తొలిసారి స్థానం దొరకడానికి అర నిమిషం నుంచి కొన్ని నిమిషాల దాకా పట్టవచ్చు.

ఎవరి ఉపగ్రహాలు

అమెరికా జీపీఎస్ తొలి ఉపగ్రహం 1978లో ఎగిరింది. వ్యవస్థ పూర్తి స్థాయికి 1995లో చేరింది. పౌరులకు అందే సంకేతాన్ని అమెరికా కావాలనే చెడగొట్టి వదిలేది. దాంతో స్థానం 100 మీటర్ల దాకా అటూ ఇటూ అయ్యేది. పక్క వీధిలో ఉన్నట్టు చూపిస్తే మలుపు చెప్పడం ఎలా సాధ్యం? 2000 మే నెల మొదట్లో క్లింటన్ ప్రభుత్వం ఆ పద్ధతికి స్వస్తి చెప్పాకే కారు నావిగేషన్ మామూలు జనానికి పనికొచ్చే వస్తువైంది.

రష్యా గ్లోనాస్, ఐరోపా గెలీలియో, చైనా బెయ్‌డౌ కూడా ప్రపంచమంతటా పనిచేస్తాయి. ఇప్పటి ఫోన్లు వీటన్నింటినీ కలిపి వింటాయి. ఏ వ్యవస్థ వాడాలో డ్రైవరు ఎంచుకోనక్కర్లేదు, ఎంచుకునే మీటా ఉండదు.

భారత్ సొంత వ్యవస్థ పేరు నావిక్. దేశాన్నీ, సరిహద్దుల నుంచి 1,500 కిలోమీటర్ల వరకూ ఉన్న ప్రాంతాన్నీ దృష్టిలో పెట్టుకుని ఇస్రో దీన్ని నిర్మించింది. తొలి ఉపగ్రహం 2013 జూలై 1న, ఏడోది 2016 ఏప్రిల్ 28న శ్రీహరికోట నుంచే వెళ్లాయి. ఆ తర్వాత కొన్నింట్లో విదేశాల నుంచి తెచ్చిన పరమాణు గడియారాలు చెడిపోయాయి. 2023 మే 29న పంపిన ఎన్‌వీఎస్-01లో స్వదేశీ రుబీడియం గడియారాన్ని అమర్చారు. మామూలు ఫోన్లు వినే ఎల్1 సంకేతాన్ని కూడా నావిక్‌లో తొలిసారిగా అదే ప్రసారం చేసింది. 2025 జనవరి 29న శ్రీహరికోట నూరో ప్రయోగంగా బయల్దేరిన ఎన్‌వీఎస్-02 మాత్రం కవాటం తెరుచుకోక అనుకున్న కక్ష్యకు చేరలేకపోయింది. దేశానికి సొంత గడియారం, సొంత సంకేతం ఉండటం గొప్ప అవసరం. అయితే కారు నడిపేవారికి ఫోన్ పెట్టె మీద నావిక్ పేరు కంటే రెండు పౌనఃపున్యాలను వినే రిసీవరు ఎక్కువ మేలు చేస్తుంది.

దానికి కారణం నగరంలోని ఎత్తయిన భవనాలు. హైదరాబాద్ గచ్చిబౌలి లాంటి చోట సంకేతం అద్దాల గోడలకు తగిలి చుట్టు తిరిగి వస్తుంది. ఆ అదనపు దూరాన్ని రిసీవరు నిజమని నమ్మితే బాణం గుర్తు పక్క రోడ్డు మీదికి దూకుతుంది. ఎల్1తో పాటు ఎల్5 అనే మరో పౌనఃపున్యాన్నీ వినే రిసీవరు ఈ ప్రతిబింబాలను మెరుగ్గా ఏరివేస్తుంది. ఈ సదుపాయంతో వచ్చిన తొలి ఫోన్ 2018 నాటి షావోమీ ఎంఐ 8. తర్వాత ఎన్నో మోడళ్లలోకి అది విస్తరించింది.

ఎత్తు విషయంలో ఉపగ్రహ స్థానం ఇంకా బలహీనం. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్లు సాగే పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే మీద కారు ఉందో, దాని కిందనే ఉన్న రోడ్డు మీద ఉందో యాప్ పోల్చుకోలేకపోవచ్చు. గూగుల్ 2024 జూలైలో 40 భారతీయ నగరాల్లో ఫ్లైఓవర్ ఎక్కాలో వద్దో ముందుగా చెప్పే ఏర్పాటు తెచ్చింది. హైదరాబాద్‌తో సహా ఎనిమిది నగరాల్లో నాలుగు చక్రాల వాహనాలను ఇరుకు సందుల నుంచి తప్పించే ఏర్పాటును కూడా అప్పుడే ప్రకటించింది.

విడి పరికరం

కారులో దారి చూపే యంత్రాలు ఉపగ్రహాల కంటే ముందే వచ్చాయి. హోండా 1981లో వాయు గైరోస్కోపుతో, పారదర్శక మ్యాప్ షీట్లతో ఒక పరికరం అమ్మింది. జీపీఎస్‌ను కారులో బిగించి ఇచ్చిన తొలి వాహనం 1990 నాటి మజ్దా యూనోస్ కాస్మో. 2004లో టామ్‌టామ్ గో లాంటి చిన్న పెట్టెలు వచ్చాక పశ్చిమ దేశాల్లో అద్దం మీద నావిగేషన్ తెర మామూలు దృశ్యమైంది. 2009 అక్టోబరులో గూగుల్ ఫోన్‌లో ఉచితంగా మలుపులు చెప్పడం మొదలుపెట్టగానే ఈ పరికరాలు చేసే గార్మిన్, టామ్‌టామ్ షేర్లు ఒక్కసారిగా పడిపోయాయి.

అయినా విడి పరికరానికి కాలం చెల్లలేదు. మ్యాప్ మొత్తం దానిలోనే ఉంటుంది. ఫోన్ వచ్చినా దారి ఆగదు, ఎండకు వేడెక్కి ఆరిపోవడమూ తక్కువ. లారీలకు చేసిన రకాల్లో వాహనం ఎత్తు, బరువు నమోదు చేస్తే దానికి సరిపడే దారే చెబుతాయి. మారుమూల ప్రాంతాలు తిరిగే బైక్ యాత్రికులూ వీటిని ఇష్టపడతారు. కొనేముందు భారత్ మ్యాప్‌లకు నవీకరణ ఎన్నేళ్లు వస్తుందో అడగాలి. జీపీఎస్ వారాల లెక్క 1,024కు చేరగానే మళ్లీ సున్నాకు వస్తుంది. 2019 ఏప్రిల్ 6న అలా తిరగబడినప్పుడు సాఫ్ట్‌వేర్ మార్చని పాత పరికరాలకు చిక్కొచ్చింది.

కారులో బిగించినది

డ్యాష్‌బోర్డు వ్యవస్థకు ఫోన్‌కు లేని బలం ఒకటుంది. చక్రాలు ఎన్ని చుట్లు తిరిగాయో, కారు ఎటు మళ్లిందో దానికి నేరుగా తెలుస్తుంది. హిమాచల్‌లోని 9.02 కిలోమీటర్ల అటల్ సొరంగంలోకి వెళ్లాక ఆకాశం కనిపించదు. చక్రాల లెక్కతో ముందుకు సాగే వ్యవస్థ అక్కడా స్థానం అంచనా కడుతూ ఉంటుంది.

బలహీనత ముసలితనం. కారు పదేళ్లు నడుస్తుంది, దానిలోని మ్యాప్ అంతకాలం తాజాగా ఉండదు. 2022 జనవరిలో పలు దేశాల్లో పాత హోండా కార్ల నావిగేషన్ గడియారాలు ఉన్నట్టుండి 2002కు వెళ్లిపోయాయి. నవీకరణకు ఏటా చందా అడిగే కంపెనీలూ ఉన్నాయి. ఆండ్రాయిడ్ ఆటో, ఆపిల్ కార్‌ప్లే వచ్చాక ఫోన్‌లోని యాప్‌నే కారు పెద్ద తెర మీద చూడవచ్చు. అందువల్ల కొత్త కారు కొనేవారు నావిగేషన్ ఉన్న ఖరీదైన వేరియంట్‌కు డబ్బు పోసేముందు, తక్కువ వేరియంట్‌లో ఈ రెండు సదుపాయాలు ఉన్నాయేమో చూడటం మంచిది.

ఫోన్ యాప్‌లలో తేడాలు

2005లో మొదలైన గూగుల్ మ్యాప్స్ బలం దాన్ని వాడే జనం సంఖ్య. రోడ్డు మీద కదులుతున్న ఫోన్ల వేగాన్ని కలిపి చూసి ఎక్కడ ట్రాఫిక్ ఆగిందో అది గ్రహిస్తుంది. బెర్లిన్ కళాకారుడు సైమన్ వెకర్ట్ 99 ఫోన్లను చిన్న చేతిబండిలో వేసుకుని ఖాళీ వీధిలో నడిస్తే మ్యాప్‌లో ఆ వీధి ఎర్రబడింది. 2020లో ఆయన బయటపెట్టిన ఆ ప్రయోగం ట్రాఫిక్ రంగులు ఎలా పుడతాయో కళ్లకు కట్టింది. వాడేవారు తక్కువైన యాప్‌కూ, జనం పలుచగా ఉండే పల్లె రోడ్డుకూ ఈ సమాచారం పలుచగానే ఉంటుంది. గూగుల్ బైక్‌ల కోసం ప్రత్యేక దారిని 2017లో మొదట భారత్‌లోనే ప్రవేశపెట్టింది. 2018 నుంచి తెలుగులోనూ మలుపులు చెబుతోంది. టోల్ ఖర్చు అంచనా కూడా చూపిస్తుంది.

మ్యాప్‌మైఇండియా 1995 నుంచి దేశీయ మ్యాప్‌లు తయారు చేస్తున్న సంస్థ. దాని మ్యాపుల్స్ యాప్ కూడళ్లను బొమ్మగా చూపిస్తుంది, స్పీడ్ బ్రేకర్లు, ప్రమాదకర మలుపుల గురించి హెచ్చరిస్తుంది. ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) ఎగ్జిట్‌లాంటి చోట ఏ వరసలో ఉండాలో ముందే తెలియడం కొత్త డ్రైవరుకు ఎంతో నిశ్చింత.

మూడో తరహా 2004లో బ్రిటన్‌లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఆధారంగా నడిచే ఆర్గానిక్ మ్యాప్స్, ఓస్‌మ్యాండ్. ఈ మ్యాప్‌ను స్వచ్ఛంద కార్యకర్తలు గీస్తారు. ఒక రాష్ట్రం మొత్తాన్ని ఫోన్‌లోకి దించుకుంటే వెతుకులాట, దారి లెక్క అన్నీ నెట్ లేకుండానే జరుగుతాయి. తాజా ట్రాఫిక్ మాత్రం ఆశించకూడదు. దుకాణాల పేర్లు, ఇంటి నంబర్లు మన దగ్గర చాలాచోట్ల కొరవడతాయి.

దేశం మారితే వరస మారుతుంది. మ్యాప్ సమాచారం ఎగుమతిపై ఆంక్షల వల్ల దక్షిణ కొరియాలో గూగుల్ ఏళ్ల తరబడి కారు దారి చెప్పలేకపోయింది. అక్కడ నేవర్, కకావో యాప్‌లే దిక్కయ్యాయి. చైనాలో చట్టప్రకారం మ్యాప్‌ల స్థానాలను కాస్త జరిపి చూపిస్తారు కాబట్టి స్థానిక యాప్‌లే సరిగ్గా పనిచేస్తాయి. ఉద్యోగానికో చదువుకో వెళ్లే తెలుగువారు బయల్దేరేముందు తెలుసుకోవాల్సిన సంగతి ఇది.

చిరునామా చిక్కు

“రామాలయం వెనక రెండో సందు” అనే చిరునామా యాప్‌కు అర్థం కాదు. అందుకే లొకేషన్ పంపమని అడగడం ఆనవాయితీ అయింది. తపాలా శాఖ 2025లో తెచ్చిన డిజిపిన్ దీనికి ఒక పరిష్కారం. దేశాన్ని దాదాపు 4 మీటర్ల చదరాలుగా విడదీసి ప్రతి చదరానికి పది అక్షరాంకెల సంకేతం ఇస్తుంది. దీని రూపకల్పనలో ఐఐటీ హైదరాబాద్, ఇస్రోకు చెందిన జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం పాలుపంచుకున్నాయి.

భద్రత, చట్టం

2024 మేలో కేరళలోని కురుప్పంతర దగ్గర హైదరాబాద్ పర్యాటకుల కారు ఫోన్ చూపిన దారిలో వెళ్లి పొంగిన వాగులో పడింది. అందరూ ప్రాణాలతో బయటపడ్డారు. అదే ఏడాది నవంబరులో ఉత్తరప్రదేశ్‌లో రామ్‌గంగ నది మీద వరదకు కొంత భాగం కొట్టుకుపోయిన వంతెన నుంచి కారు కింద పడి ముగ్గురు చనిపోయారు. వంతెన తెగిందని మ్యాప్‌కు ఎవరైనా చెబితేనే తెలుస్తుంది. వానాకాలంలో, రాత్రివేళ తెలియని దారిలో ప్రధాన రహదారిని వదలకపోవడం, రోడ్డు మీది హెచ్చరిక బోర్డును తెర కంటే ముందు నమ్మడం ప్రాణరక్షణకు సంబంధించిన విషయాలు.

2020 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర మోటారు వాహన నిబంధనల ప్రకారం, డ్రైవరు ఏకాగ్రత చెదరనంత వరకు దారి చూసుకోవడానికి మాత్రమే చేతి ఫోన్ వాడవచ్చు. గమ్యం కారు కదలకముందే నమోదు చేయాలి, ఫోన్‌ను స్టాండులో పెట్టాలి, మలుపులు చెవితో వినాలి.

ఎంపిక

రోజూ నగరంలో ఆఫీసుకు వెళ్లివచ్చేవారికి తాజా ట్రాఫిక్ ఉన్న ఫోన్ యాప్, దాన్ని కారు తెర మీద చూపే సదుపాయం చాలు. శ్రీశైలం వెళ్లేవారికి నల్లమలలో మన్ననూరు దాటాక నెట్ నమ్మకం లేదు, కాబట్టి మ్యాప్‌ను ముందే దించుకోవాలి. అక్కడి అటవీ గేట్లు రాత్రి మూసేస్తారు, ఆ వేళలు విడిగా కనుక్కోవాలి. సరుకు లారీలకు వాహనం కొలతలు అడిగే పరికరం మేలు. తరచూ కొండదారుల్లో, సొరంగాల్లో తిరిగేవారికి కారులో బిగించిన వ్యవస్థ ఖర్చుకు తగ్గ ఫలం ఇస్తుంది.

రెండు యాప్‌ల మధ్య తేల్చుకోలేనివారికి సులువైన పరీక్ష ఉంది. బాగా తెలిసిన ప్రాంతంలో, ఉదాహరణకు సొంతూరి నుంచి మండల కేంద్రానికి, రెండింటినీ దారి అడగాలి. కొత్తగా వేసిన బైపాస్, వన్‌వే చేసిన బజారు, కారు పట్టని చెరువు కట్ట, మూసేసిన రైల్వే గేటు ఏది సరిగ్గా చూపిస్తే ఆ చుట్టుపక్కల దాని మ్యాప్ తాజాగా ఉన్నట్టు. తప్పు కనిపిస్తే యాప్‌లోనే దిద్దుబాటు పంపవచ్చు. గూగుల్, మ్యాపుల్స్, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మూడూ వాడకందారుల నుంచి అలాంటి సవరణలు స్వీకరిస్తాయి.