వానకొలత: నేలపాత్ర, నింగికన్ను

గ్రామపెద్దలారా! గట్టున కీవల వాన కురియగా ఆవలి చేను ఎండుట మీ రెఱిఁగినదే. అనంతపురము మెట్టపొలములలో నేనును చూచితిని. ఒక్క పాత్ర ఊరంతటికి సాక్ష్యము చెప్పఁగలదా?

ధాన్యాగారమున మూరెఁడు ముఖముగల కుండమును వర్షమానముగా నుంపవలెనని కౌటిల్యుని అర్థశాస్త్రము విధించినది. జాంగలదేశమునకు 16 ద్రోణముల వర్షమని లెక్క చెప్పి, గ్రహస్థితినిబట్టి వాన నూహించుటయు నేర్పినది. నేలకొలతను, నింగిచూపును జతపఱచు కోరిక అంత పాతది.

1875లో భారత వాతావరణశాఖ ఏర్పడెను. దేశమున కొలతలకు ఒక పద్ధతి కుదిరెను. కాని పాత్రకును పాత్రకును నడుమ క్రోసులకొలఁది నేల మిగిలెను.

1997లో అమెరికా, జపాను దేశములు వానను కొలుచు ఉపగ్రహమును పంపినవి. అది 2015 వఱకు పనిచేసెను. 2014లోనే దాని వారసుఁడు నింగి కెగసెను. ఉపగ్రహము మేఘమంతయుఁ జూచును. అయితే మెట్టసీమలో చినుకులు నేలఁ జేరకమునుపే ఆవిరి యగుటవలన, కురియని వానను కురిసినట్లు చెప్పుటయుఁ గలదు. అందుచేత శాస్త్రజ్ఞులు పాత్ర చూపిన భేదమునుబట్టి చుట్టుపట్ల అంచనాలను దిద్దుదురు. వ్యాప్తి నింగిది, ప్రమాణము నేలది.

కరవు నిర్ణయమునకును, పంటబీమాకును వానలెక్క ఆధారము. లెక్క తప్పినచో నష్టపడువాఁడు రైతే. కావున మీ యూరి వానపాత్రపై చెట్టుకొమ్మ వ్రాలనీయకుఁడు. నింగికన్నును దిద్దునది అదియే.