ఉదజనిని అదుపులో నుంచిన చరిత్ర

ఆవడిలో తెలుగు చెప్పువాడను. రసాయనశాస్త్రమున నాకు పాండిత్యము లేదు. అయినను ఒకప్పుడొక బడిలో ఉదజని తయారగుచుండగా ఒక బాలుడు తొందరపడి సీసామూతికే అగ్గిపుల్ల చూపెను. సీసా పగిలెను; దైవవశమున ఎవ్వరికిని గాయము కాలేదు. హెచ్చరిక వాని పుస్తకమున ఆంగ్లములో నున్నది. నాటినుండి ఈ వాయువు చరిత్ర నన్ను వెంటాడినది.

1766లో లండనునందు హెన్రీ కావెండిష్ లోహములపై ఆమ్లములు పోసి, వెలువడిన ‘మండెడు గాలి’ని విడిగా పరీక్షించి, అది సాధారణవాయువుకంటె మిక్కిలి తేలికయని కనుగొనెను. 1787లో ఫ్రెంచి రసాయనజ్ఞులు ‘నీటిని పుట్టించునది’ యను నర్థమున దానికి పేరిడిరి. మన ‘ఉదజని’ యర్థమును అదియే. పేరున నీరున్నను గుణము నిప్పుదే.

పిలాత్ర్ ద రోజియే ఉదజని బుడగ క్రింద వేడిగాలి బుడగను గట్టి, 1785 జూన్ 15న ఇంగ్లీషు కాలువను దాటబోయి, సహచరుడు రొమేనుతో కూడ కూలి మరణించెను. కారణమునుగూర్చి వాదములున్నవి. ఆ వాయువు క్రిందనే నిప్పును మోసికొనిపోవుట మాత్రము నా దృష్టిలో దుస్సాహసమే.

గాలిలో నూటికి 4 మొదలు 75 పాళ్లవరకు ఉదజని కలిసిన మిశ్రమము అంటుకొనును. కావున సీసాలోని గాలి యంతయు వెడలిన పిదపనే వాయువును నీటిపై పట్టవలెను. చిన్న పరీక్షనాళికను నింపి, బోర్లగనే పట్టి, సీసాకు దూరముగా దీపమునకు చూపవలెను. కీచుమని ప్రేలినచో గాలి యింకను గలదు. మెల్లగ కాలినచో శుద్ధము. మిగిలినది పైకెగయును గనుక ఎత్తుననున్న కిటికీలు తెరచియుంచవలెను.

మరునాడు నల్లబల్లపై తెలుగున వ్రాసితిని: “ముందు గాలిని పోనిమ్ము.”