మాయమైన సీరియల్ పోర్టు, ఒక మరణ వాంగ్మూలం

వర్చువల్ మెషీనులో సీరియల్ పోర్టు కనబడనప్పుడు మనవాళ్ళు ముందుగా డ్రైవరును శంకిస్తారు. ఆ పోర్టు పుట్టుపూర్వోత్తరాలు తెలిస్తే శంకించవలసినది వేరొకటని నా అభిప్రాయం.

1960లో అమెరికాలో ఆర్‌ఎస్-232 ప్రమాణం వెలువడింది. ఆనాటి టెలిటైపుల స్మృతి యునిక్సులో ‘టీటీవై’ అన్న పేరుగా నేటికీ నిలిచి ఉంది. 1981లో ఐబీఎం పీసీ వచ్చినప్పుడు సీరియల్ పోర్టు అందులో అంతర్భాగం కాదు. 8250 చిప్పు గల కార్డును విడిగా కొని అమర్చుకోవలసి వచ్చేది. మొదటి పోర్టుకు హెక్సాడెసిమల్‌లో 3ఎఫ్8 చిరునామా, 4వ ఇంటరప్టు. రెండవదానికి 2ఎఫ్8, 3వ ఇంటరప్టు. ఆ చిరునామా తలుపు తట్టి, లోపలినుండి జవాబు వస్తే పోర్టు ఉన్నట్లు, రాకుంటే లేనట్లు.

వర్చువల్ మెషీనులోనూ ఆచారం అదే. అయితే అక్కడ చిప్పు ఉండదు, చిప్పు వేషం కట్టిన ప్రోగ్రాము ఉంటుంది. ఆతిథేయి ఆ వేషధారిని రంగం మీదికి పంపకపోతే అతిథి ఎంత తట్టినా పలికేవారుండరు. వర్చువల్‌బాక్సులో సీరియల్ పోర్టు మొదట మూసే ఉంటుంది. మెషీనును ఆపి మనమే తెరవాలి.

నాకు ఈ అవసరం ఒక పాత సర్వరును వర్చువల్ మెషీనుగా మార్చిన తరువాత కలిగింది. అది రాత్రివేళ చడీచప్పుడు లేకుండా ఆగిపోయేది. లాగులలో ఒక్క ముక్క లేదు. కెర్నెలు కుప్పకూలే క్షణాన డిస్కుకు రాసే తీరిక ఉండదు. దాని మరణ వాంగ్మూలం వినగలిగేది సీరియల్ కన్సోలే. టీటీవైఎస్0 అన్న పేరు కనబడుతూనే ఉంది, అవతల ఫైలు మాత్రం ఖాళీ. లినక్సు చాలాచోట్ల చిప్పు లేకున్నా నాలుగు పోర్టుల పేర్లు సిద్ధంగా ఉంచుతుంది. బూటు సందేశాలలో ఆ పేరు పక్కన 16550ఏ అని ఉంటేనే నిజమైన పోర్టు. నాకు అది లేదు. పాత మదర్‌బోర్డుతో వచ్చిన పోర్టును మార్పిడి సాధనం విడిచిపెట్టింది. పోర్టు కలిపి ఒక ఫైలుకు మళ్ళించాక, తరువాతి పతనంలో డిస్కు డ్రైవరు పేరు బయటపడింది.

కనుక ముందు ఆతిథేయి అమరికలు, పిదప అతిథి బూటు సందేశాలు, చిట్టచివర డ్రైవరు. వీఎంవేర్ వర్క్‌స్టేషనులో వర్చువల్ ప్రింటరు మొదటి పోర్టును ఆక్రమించి ఉంటే మీరు కలిపినది రెండవదవుతుంది. అప్పుడు టీటీవైఎస్0లో కాక టీటీవైఎస్1లో వెతకండి.