చట్టం చూడని కూలి

స్త్రీ డబ్బు తీసుకుని శరీరాన్ని అప్పగిస్తే చట్టం దాన్ని వ్యాపారంగా గుర్తించింది. ఆ వ్యాపారంలో ఎవరెవరికి వాటా ఉందో ఆరా తీసింది. పురుషుడు మరో పురుషుడితో అలాగే గడిపితే మాత్రం చట్టానికి చాలాకాలం డబ్బు కనబడలేదు, శరీరమే కనబడింది. అది నేరమో పాపమో తేల్చడం మీద పెట్టిన శ్రద్ధలో వందో వంతు కూడా ఆ మనిషి దాంతో పొట్ట పోసుకుంటున్నాడన్న సంగతి మీద పెట్టలేదు. ఈ వృత్తి చుట్టూ పేరుకున్న దోపిడీకీ, దెబ్బలకూ, రోగానికీ పెద్ద కారణం ఆ చూపులోని లోపమేనని నా వాదన. దీన్ని నిరూపించడానికి ముంబై, ఢిల్లీల దాకా పోనక్కర్లేదు. 1854లో భోంస్లేల నాగపూర్ రాజ్యంతో పాటు బ్రిటిష్ పాలనలోకి వచ్చి, 1861లో సెంట్రల్ ప్రావిన్సెస్‌లో భాగమై, 2000 నవంబరు 1న కొత్త రాష్ట్రం ఛత్తీస్‌గఢ్‌కు రాజధాని అయిన రాయపూర్ చాలు. 1931లో విజయనగరం నుంచి రైలు మార్గం పూర్తయ్యాక ఈ ఊరు మన ఉత్తరాంధ్రకు ఒక రాత్రి ప్రయాణం దూరంలోకి వచ్చింది. ఇక్కడి రైల్వే కాలనీల్లో తెలుగు కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. కాబట్టి ఇది ఎక్కడో పరాయి నగరం కథ కాదు.

ఈ మాట ఎత్తగానే వినబడే మొదటి ఆక్షేపణ ఒకటుంది: ఇదంతా విదేశీ అలవాటు, నగరాలతో వచ్చిపడిన జాడ్యం అని. వాత్స్యాయనుడి కామసూత్రం రెండో అధికరణం, తొమ్మిదో అధ్యాయం చదివితే ఆ మాట నిలవదు. అక్కడ తృతీయా ప్రకృతి (మూడో స్వభావం) అనే వర్గాన్ని రెండుగా విడదీశాడు. స్త్రీ వేషంలో ఉండేవారు వేశ్యల్లాగే జీవిస్తారన్నాడు. పురుష రూపంలో ఉండేవారు కోరికను దాచుకుని, ఒళ్లు పట్టే పనిని వృత్తిగా చేసుకుంటారన్నాడు. నేటికీ మసాజ్ పేరుతో జరిగే లావాదేవీలను చూస్తే, దాచుకోవడం, ఒళ్లు పట్టడం, దాని మీద బతకడం అనే మూడింటినీ ఆయన ఒకేచోట ఎంత సూటిగా పట్టుకున్నాడో అర్థమవుతుంది. పద్దెనిమిదో శతాబ్దంలో నిజాముల్ముల్క్ వెంట దక్కన్ నుంచి ఢిల్లీ వెళ్లిన దర్గా కులీ ఖాన్, తన మురక్కా ఎ ఢిల్లీలో కులీనుల ఆదరణ పొందిన నర్తక యువకుల గురించి ఏ సంకోచమూ లేకుండా రాశాడు. పాత సమాజం వీళ్లను గౌరవించిందని నేననను. అర్థశాస్త్రం ఇలాంటి కలయికకు జరిమానా వేసింది, ధర్మశాస్త్రాలు ప్రాయశ్చిత్తం విధించాయి. కానీ జరిమానాకూ యావజ్జీవ శిక్షకూ మధ్య ఉన్న దూరమే ఇక్కడ అసలు విషయం.

ఆ దూరాన్ని దాటించింది 1860 నాటి భారత శిక్షాస్మృతి. 1862 జనవరి 1న అమల్లోకి వచ్చిన దాని 377వ సెక్షన్ ప్రకృతి విరుద్ధమైన సంభోగానికి యావజ్జీవం దాకా, లేదా పదేళ్ల దాకా శిక్ష పెట్టింది. ఇష్టపూర్వకమా, బలవంతమా అని అది అడగలేదు. డబ్బు ఇచ్చారా, పుచ్చుకున్నారా అనీ అడగలేదు. 1884లో అలహాబాద్ హైకోర్టుకు వచ్చిన ఖైరాతీ కేసు ఈ చూపుకు నమూనా. ఆడవేషంలో, ఆడవాళ్ల మధ్య పాడుతున్నందుకు పట్టుకుని, వైద్య పరీక్ష చేయించి, ఆ ఆధారంతో శిక్ష వేశారు. ఎప్పుడు, ఎక్కడ, ఎవరితో నేరం జరిగిందో ప్రాసిక్యూషన్ చెప్పలేకపోవడంతో హైకోర్టు విడుదల చేసింది. పాడటం ఆ మనిషి బతుకుతెరువన్నది ఎవరికీ పట్టలేదు. అంతకుముందే, 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టం రెండో భాగం ఉత్తర భారతంలో హిజ్రాల పేర్లు రిజిస్టర్లకెక్కించింది. రిజిస్టర్లో ఉన్నవాళ్లు ఆడవేషంతో వీధిలో కనబడినా, బహిరంగంగా గానీ కిరాయికి గానీ ఆడిపాడినా వారంటు లేకుండా అరెస్టు చేయొచ్చంది. గమనించండి, ఆ చట్టానికి కూలి కనబడింది, కానీ పాటకిచ్చే కూలి. దాన్ని మూయించింది. పాట కూలి మూసేస్తే మిగిలే కూలి ఏదో ఆ చట్టం రాసినవాళ్లకు తెలియదనుకోవడం కష్టం.

మన ప్రాంతానికి వస్తే, నిజాం ప్రభుత్వం 1329 ఫస్లీలో, అంటే 1919లో, ఇదే చట్టాన్ని దాదాపు అచ్చుగుద్ది హైదరాబాద్ నగరానికి తెచ్చింది. అది రాష్ట్రాలు మారినా పుస్తకాల్లో మిగిలిపోయి, చివరికి 2023 జులైలో తెలంగాణ హైకోర్టు కొట్టేసేదాకా బతికింది. దీని పక్కన మరో సంగతి పెట్టి చూడాలి. రంగస్థలం మీద సత్యభామగా తెలుగువాళ్లను మురిపించిన స్థానం నరసింహారావుకు 1956లో పద్మశ్రీ ఇచ్చి సత్కరించుకున్నాం. ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో రాత్రంతా సాగే నాచా అనే జానపద నాటకంలో పరి అనే స్త్రీ వేషం మగవాళ్లే కట్టేవారు. రాయపూర్‌లో పుట్టిన నాటక దర్శకుడు హబీబ్ తన్వీర్ ఆ కళాకారులను ప్రపంచ వేదికల మీదికి తీసుకెళ్లారు. వీరి కళకూ నేను మాట్లాడుతున్న వృత్తికీ సంబంధం అంటగట్టడం అన్యాయం, ఆ ఉద్దేశం నాకు లేదు. చెప్పదలచింది ఒక్కటే: మగవాడు స్త్రీ వేషం కట్టి డబ్బు తీసుకోవడాన్ని ఈ సమాజం ఎన్నడూ సమూలంగా వద్దనలేదు. నాటక సమాజమనో ఊరి పెద్దలనో వెనక ఒక దన్ను ఉన్నప్పుడు చప్పట్లు కొట్టింది, దన్ను లేనివాణ్ణి వీధిలో లాఠీతో తరిమింది.

రాయపూర్ పెరిగిన తీరు ఆ దన్ను లేనివాళ్ల సంఖ్యను పెంచేదే. బెంగాల్ నాగపూర్ రైల్వే వచ్చింది, బియ్యం మిల్లులు వచ్చాయి. పక్కనే భిలాయిలో 1955 నాటి సోవియట్ ఒప్పందంతో ఉక్కు కర్మాగారం లేచింది. ఆ తర్వాత ఉర్లా, సిల్తరా పారిశ్రామిక వాడలు. కుటుంబాన్ని ఊళ్లో వదిలి ఒంటరిగా వచ్చిన కూలీలు, లారీ డ్రైవర్లు, క్లీనర్లు ఇలాంటి ఊళ్లో ఎప్పుడూ ఉంటారు. మగవాళ్ల మధ్య డబ్బుతో జరిగే ఈ లావాదేవీకి కోఠాలు, అంటే వేశ్యా గృహాలు, ఉండవు, ఇల్లు నడిపే యజమానురాలు ఉండదు. స్టేషన్లు, బస్టాండ్లు, పార్కులు, చెరువు గట్లు దేశమంతటా దీనికి అడ్డాలు. చేసేవాళ్లలో తమను కోఠీలుగా, అంటే స్త్రీ స్వభావమున్న పురుషులుగా, చెప్పుకునేవారున్నారు, ఇంట్లో భార్యాపిల్లలున్నవారున్నారు, పగలు హోటల్లోనో భవన నిర్మాణంలోనో పనిచేసి జీతం చాలక వచ్చేవారున్నారు. పనిచేసే చోటు బహిరంగ స్థలం కాబట్టి, చేతిలో ఉన్నది దాచుకోవాల్సిన రహస్యం కాబట్టి, వీళ్లకు ఎదురయ్యేది కోర్టు కాదు, మామూలు. 377 కింద దేశంలో హైకోర్టుల దాకా వెళ్లిన కేసుల్లో పరస్పర ఇష్టంతో గడిపిన పెద్దలవి బహు కొద్ది. ఆ సెక్షన్‌తో తప్పేమీ జరగలేదని దాన్ని సమర్థించినవాళ్లు ఈ లెక్కనే చూపించారు. కానీ కేసు పెట్టకపోవడమే ఆ సెక్షన్ పనిచేసిన తీరు. ఇంట్లో చెబుతానంటే జేబు ఖాళీ అయ్యే మనిషి మీద ఎఫ్ఐఆర్ ఎందుకు రాస్తారు? విటుడు డబ్బు ఎగ్గొట్టినా, నలుగురు కలిసి కొట్టినా ఠాణా మెట్లెక్కితే తానే ముద్దాయి అవుతాడని అతనికి తెలుసు.

ఇక వ్యాపారాన్ని చూసే చట్టం సంగతి. 1950 నాటి అంతర్జాతీయ ఒప్పందంపై సంతకం చేసిన భారతదేశం 1956లో స్త్రీలు, బాలికల అనైతిక వ్యాపార నిరోధక చట్టం తెచ్చింది. అందులో వ్యభిచారమంటే స్త్రీ డబ్బుకు శరీరాన్ని అప్పగించడమే. మగవాడు ఆ నిర్వచనంలో లేడు. ముప్ఫై ఏళ్ల తర్వాత, 1986 సవరణలో, ‘స్త్రీలు, బాలికలు’ పోయి ‘వ్యక్తులు’ వచ్చారు. పైకి చూస్తే ఇది సమానత్వం. లోపలికి వెళ్తే మరోలా ఉంటుంది. విటులను పిలిచే నేరానికి ఎనిమిదో సెక్షన్ మొదటిసారి దొరికిన స్త్రీకి ఆరు నెలల దాకా జైలు, లేదా 500 రూపాయల దాకా జరిమానా అంది. అదే నేరం పురుషుడు చేస్తే ఏడు రోజులకు తగ్గకుండా మూడు నెలల దాకా జైలు. జరిమానా కట్టి బయటపడే దారి లేదు. జైలుకు బదులు దిద్దుబాటు సంస్థకు పంపే 10ఎ సెక్షన్ స్త్రీలకే పరిమితం. స్త్రీని అలాంటి సంస్థలో బంధించడం మంచిదని నేననుకోవడం లేదు, అది వేరే చర్చ. కానీ చట్టం మనసులో ఏముందో ఈ తేడా చెబుతుంది: స్త్రీ చెడిపోయిన మనిషి, ఆమెను బాగుచేయాలి, పురుషుడు చెడగొట్టే మనిషి, అతన్ని లోపలెయ్యాలి. పేదరికం వల్ల పురుషుడు కూడా ఈ పనిలోకి రావచ్చన్న ఆలోచన ఆ సవరణ రాసినవాళ్లకు తట్టలేదు. గుడి, బడి, ఆసుపత్రి, హాస్టల్‌కు 200 మీటర్లలోపు ఈ పని చేయకూడదన్న ఏడో సెక్షన్ సరేసరి. రాయపూర్ పాతబస్తీలో గుడికీ గుడికీ మధ్య అంత దూరం ఎక్కడుంది? ఇద్దరు కలిసి భద్రత కోసం ఒక గది తీసుకుని అక్కడే పనిచేసుకున్నా అది చట్టం దృష్టిలో బ్రోతల్ కావచ్చు. వాళ్ల సంపాదన మీద బతికే వయసుడిగిన తల్లిని కూడా నాలుగో సెక్షన్ వదలదు.

ఈ మనుషులను పనిచేసేవాళ్లుగా ప్రభుత్వం మొదటిసారి చూసింది ఎయిడ్స్ భయంతోనే. 1992లో ఏర్పడిన జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో), పురుషులతో గడిపే పురుషులను ప్రత్యేక వర్గంగా లెక్కలోకి తీసుకుంది. వాళ్లలోంచే కొందరిని పీర్ ఎడ్యుకేటర్లుగా ఎంచుకుని గౌరవవేతనమిచ్చి, కండోములు పంచే పని అప్పగించింది. 2001 జులైలో లక్నోలో సరిగ్గా ఇదే పని చేస్తున్న కార్యకర్తలను 377 కింద అరెస్టు చేసి నలభై రోజులకు పైగా జైల్లో ఉంచారు. ఆ ఏడాదే ఆ సెక్షన్‌ను సవాలు చేస్తూ నాజ్ ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. ఆ కేసులో ఒకే ప్రభుత్వం రెండు నాలుకలతో మాట్లాడింది. ఈ సెక్షన్ ఉండాల్సిందేనని హోం శాఖ అంది. ఇది ఉన్నంతకాలం ఈ మనుషులు చాటుకే పోతారు, వారిలో హెచ్ఐవీ 8 శాతం ఉంది, సాధారణ జనాభాలో ఒక శాతం కూడా లేదు అని ఆరోగ్య శాఖ కింది నాకో అఫిడవిట్ వేసింది. 2010–11 సర్వేలో జాతీయ సగటు 4.43 శాతానికి దిగింది. సగటుకు పైన నిలిచిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్‌తో పాటు ఛత్తీస్‌గఢ్ కూడా ఉంది. నాకో కృషిని తక్కువ చేయను, అది ఎందరి ప్రాణాలో కాపాడింది. అయితే రోగం తగ్గేకొద్దీ పట్టింపు కూడా తగ్గిపోయే గుర్తింపు అది. జ్వరం ఉన్నప్పుడే చేయి పట్టుకుని చూసే వైద్యం హక్కుకు ప్రత్యామ్నాయం కాదు.

2009 జులై 2న ఢిల్లీ హైకోర్టు తీర్పు, 2013 డిసెంబరులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేయడం, 2018 సెప్టెంబరు 6న నవ్‌తేజ్ జోహర్ కేసులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇష్టపూర్వక సంబంధాన్ని నేరం కాదనడం అందరికీ తెలిసినవే. నేను చూసేది ఆ తీర్పులో ఉన్న ఏకాంతమనే షరతును. పెద్దలు, ఇష్టంతో, ఏకాంతంలో. గది ఉన్నవాడికి అది స్వేచ్ఛ. గది లేనివాడికి న్యూసెన్స్ సెక్షన్లు, రైల్వే చట్టం, అనైతిక వ్యాపార చట్టంలోని ఎనిమిదో సెక్షన్ ఎక్కడివక్కడే ఉన్నాయి. పైగా 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 377ను పూర్తిగా తీసేసింది. అత్యాచారం స్త్రీ మీద జరిగేదన్న నిర్వచనం మాత్రం మార్చలేదు. దాంతో వయసొచ్చిన పురుషుడి మీద బలాత్కారం జరిగితే దాన్ని ఆ పేరుతో నమోదు చేసే సెక్షనే లేకుండా పోయింది. డబ్బిస్తానని తీసుకెళ్లి నలుగురు మీదపడితే, ఆ మనిషి ఫిర్యాదు గాయాల కేసుగా కుదించుకుపోతుంది. 1862లో ఇష్టాన్నీ బలవంతాన్నీ ఒకే గాటన కట్టారు, 2018లో ఇష్టాన్ని విడిపించారు, 2024లో బలవంతాన్నీ వదిలేశారు.

మగవాడికి వేరే పని దొరకదా, ఇదే ఎందుకు అని అడిగేవారున్నారు. ఛత్తీస్‌గఢ్‌లోనే దానికి సగం జవాబుంది. 2021లో ఆ రాష్ట్ర పోలీసు శాఖ 13 మంది ట్రాన్స్‌జెండర్లను కానిస్టేబుళ్లుగా తీసుకుంది, మరుసటేడాది బస్తర్ ఫైటర్స్ అనే పోలీసు దళంలో తొమ్మిది మంది చేరారు. తలుపు తెరిస్తే వస్తారని ఇంతకంటే రుజువేం కావాలి? కానీ ఆ తలుపు గుర్తింపు పత్రం చూపినవాళ్లకే. తాను మగవాణ్ణేనని చెప్పుకుంటూ ఈ పని చేసేవాడికి ఏ పత్రమూ లేదు, ఏ పథకమూ లేదు. శిక్షలు సడలిస్తే పిల్లల రవాణా పెరుగుతుందన్నది మరో ఆక్షేపణ, అది తేలిగ్గా తీసేయదగ్గది కాదు. అయితే పిల్లల విషయంలో 2012 నాటి పోక్సో చట్టం ఆడ, మగ తేడా లేకుండా వర్తిస్తుంది. మనుషుల అక్రమ రవాణాకు న్యాయ సంహితలోనే కఠిన శిక్షలున్నాయి. వాటిని గట్టిగా అమలు చేయడానికి, ఇష్టంతో పనిచేసే పెద్దవాణ్ణి ఏడు రోజులు జైల్లో పెట్టడం ఏ రకంగానూ సాయపడదు. నిజానికి మైనర్లు ఎక్కడున్నారో పోలీసులకు ముందుగా చెప్పగలిగేది అతనే. భయపడేవాడు చెప్పడు.

చేయాల్సినవి కొన్ని పార్లమెంటు చేతిలో ఉన్నాయి: పురుషులపై జరిగే అత్యాచారాన్ని నేరంగా రాయడం, ఎనిమిదో సెక్షన్‌లోని స్త్రీ, పురుష వివక్షను తొలగించడం. రాయపూర్ పోలీసులు మాత్రం అందాకా ఆగనక్కర్లేదు. సెక్స్ వర్కర్లపై దాడి జరిగితే తక్షణ వైద్యం అందించాలని, కండోములను నేరానికి సాక్ష్యంగా చూడకూడదని, పోలీసులు వాళ్లను గౌరవంగా చూడాలని 2022 మే 19న సుప్రీంకోర్టు బుద్ధదేవ్ కర్మాస్కర్ కేసులో ఆదేశించింది. ఆ ఆదేశాలు మగవాళ్లకూ వర్తిస్తాయని ప్రతి ఠాణాకూ, రైల్వే పోలీసులకూ రాతపూర్వకంగా చెప్పాలి. విజయవాడ, విశాఖ, హైదరాబాద్ ఠాణాలకూ అదే మాట చెప్పాలి.